డొమైన్ పేర్ల క్రయవిక్రయాలు: హక్కు, హద్దు

డొమైన్ పేరును కొన్నవారికి దానిపై శాశ్వత యాజమాన్యం లభిస్తుందన్నది ఒక అపోహ. అది సొంత భూమి కాదు, కౌలు వంటిది. తోట్లవల్లూరు వంటి కృష్ణా డెల్టా గ్రామాలకు కౌలు కొత్త కాదు కనుక ఈ పోలిక సులభగ్రాహ్యం. రిజిస్ట్రార్‌కు రుసుము చెల్లించి, ‘.కామ్’ వంటి పేరును గరిష్ఠంగా 10 ఏళ్లకు నమోదు చేసుకోవచ్చు. పునరుద్ధరించకపోతే అది చివరకు ఇతరులకు అందుబాటులోకి వస్తుంది. పునర్విక్రయమంటే ఈ నమోదు హక్కును లాభానికి బదిలీ చేయడమే.

ఈ వ్యాపారపు హద్దును సుప్రీంకోర్టు 2004లో స్పష్టం చేసింది. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే, 1999లో ‘సిఫీ’ పదంతో డొమైన్లు నమోదు చేసుకుంది. తరువాత సిఫీనెట్ సొల్యూషన్స్ ‘సిఫ్ఫీనెట్’ పేరును నమోదు చేసుకోగా వివాదం తలెత్తింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, వ్యాపార గుర్తింపు కూడాననీ, దానికి ట్రేడ్‌మార్క్ చట్టంలోని ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం వర్తిస్తుందనీ న్యాయస్థానం నిర్ణయించింది.

కాబట్టి ఈ రంగంలో తొలి మెట్టు పేరును కొనడం కాదు, పరిశీలించడం. ‘పసుపు’, ‘అరటి’ వంటి సామాన్య పదాలపై వివాదానికి అవకాశం తక్కువ. భౌగోళిక గుర్తింపు పొందిన ‘మచిలీపట్నం కలంకారీ’ని కేవలం తిరిగి అమ్మడానికే నమోదు చేస్తే చిక్కులు తప్పకపోవచ్చు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతకడం, పూర్వ వినియోగాన్ని తెలుసుకోవడం, పునరుద్ధరణ వ్యయాన్ని లెక్కించడం అవసరం. అమ్ముడుపోని పేరుకు సైతం ఏటా రుసుము కట్టవలసిందే. పంట పండకపోయినా కౌలు తప్పనట్లే.