ఇంటి పన్ను మనది, మొదటి వాటా అప్పిచ్చినవాళ్లది: హైదరాబాద్ బాండ్ల కథ

నగరం అప్పు చేస్తే తీర్చేది ఎవరు? బస్తీల్లో ఈ ప్రశ్న పెద్దగా వినపడదు. ఇంటి పట్టా గురించి, మంచినీళ్ల గురించి, పొంగే మురుగు గురించి మాట్లాడుకున్నంతగా మున్సిపాలిటీ అప్పుల గురించి మనం మాట్లాడుకోం. అది ఆడిటర్ల వ్యవహారమని వదిలేస్తాం. కానీ 2018, 2019లలో గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) మార్కెట్లో 495 కోట్ల రూపాయల అప్పు తెచ్చినప్పుడు, అప్పిచ్చేవాళ్లు మొట్టమొదట చూసింది నగర ప్రజలు కట్టే ఇంటి పన్నునే. పట్టణ పాలన మీద పరిశోధన చేస్తున్న మేము ఈ వ్యాసంలో రెండు విషయాలు చెప్పదలిచాం. ఒకటి, ఆ పన్నుకూ ఆ అప్పుకూ ముడి ఎలా పడింది. రెండు, ఆ ముడిలో దళితులు ఎక్కడ నిలబడి ఉన్నారు.

పన్ను ఎవరు కడుతున్నారు?

హైదరాబాద్‌లో ఇంటి పన్నుకు ఆధారం అద్దె విలువ. ఇంటి విస్తీర్ణం, ప్రాంతం, కట్టడం తీరు చూసి నెలకు ఎంత అద్దె వస్తుందో కార్పొరేషన్ లెక్కగడుతుంది. నెల అద్దె విలువ 50 రూపాయల లోపైతే పన్ను లేదు. ఆపైన 17 శాతంతో మొదలై 30 శాతం దాకా పోతుంది. దానిమీద గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న ఇళ్లకు దాన్ని 101 రూపాయలకు తగ్గించారు.

ఈ తగ్గింపును చూపించి, "బస్తీల వాళ్లు పన్ను కట్టరు, సౌకర్యాలు మాత్రం అడుగుతారు" అనేవాళ్లున్నారు. ఆ మాట నిజం కాదు. ఒక్క గదిలో అద్దెకుండే కుటుంబానికి ఇంటి పన్ను రసీదు రాదు. అయినా యజమాని కట్టే పన్ను ఆ గది అద్దెలో కలిసే ఉంటుంది. సొంతిల్లున్నవాళ్ల సంగతి వేరే. ప్రభుత్వ భూమిలో ఇల్లు వేసుకున్నవాళ్లు కూడా పన్ను కడతారు. ఆ రసీదు కరెంటు మీటరుకో, చిరునామాకో పనికొస్తుంది. ఇల్లు కూల్చడానికి వచ్చిన రోజున అది హక్కు పత్రం కాదు. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదని చట్టమే అంటుంది.

బకాయిల సంగతీ చూడాలి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మరోవైపు, ప్రభుత్వం అప్పుడప్పుడూ ఒకేసారి అసలు కట్టేస్తే వడ్డీలో 90 శాతం మాఫీ అని పథకం పెడుతుంది. ఇలాంటి పథకంలో బకాయి ఎంత పెద్దదైతే మాఫీ అంత పెద్దది. ఏటా 101 రూపాయలు సకాలంలో కట్టినవాళ్లకు అందులో దక్కేదేమీ లేదు.

బాండు అంటే ఏమిటి?

బాండు అంటే అప్పు పత్రం. ఇంత మొత్తం తీసుకుంటున్నాం, ఇంత వడ్డీ ఇస్తాం, ఫలానా ఏడు అసలు తిరిగి ఇస్తాం అని నగరం రాసిచ్చే కాగితం. మన దేశంలో 1997లో బెంగళూరు, 1998లో అహ్మదాబాద్ ఈ దారిలో నడిచాయి. 2015లో సెబీ మున్సిపల్ బాండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నగరాలు మార్కెట్‌కు వెళ్లేలా కేంద్రం అమృత్ పథకం కింద ప్రోత్సాహక సొమ్ము కూడా ఇచ్చింది.

జీహెచ్‌ఎంసీ మూడు విడతల్లో బాండ్లు అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతం. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతం. విడత విడతకూ వడ్డీ పెరిగింది. మూడూ కలిపి లెక్కేస్తే, 495 కోట్ల మీద ఏడాదికి వడ్డీ సుమారు 46 కోట్ల రూపాయలు. ఈ డబ్బు వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకానికి, అంటే ఫ్లైఓవర్లకు, అండర్‌పాస్‌లకు తెచ్చారు.

అప్పు తప్పని మేము అనడం లేదు. తరాల పాటు నిలిచే పనికి అప్పు తెచ్చి ఏళ్ల మీద తీర్చడం న్యాయమే. 2017లో పుణే 24 గంటల నీటి సరఫరా కోసం 200 కోట్ల బాండ్లు తెచ్చింది. 2021లో ఘజియాబాద్ మురుగునీటి శుద్ధి కోసం 150 కోట్లు తెచ్చింది. అంటే బాండు డబ్బుతో మంచినీళ్లూ తేవచ్చు, మురుగునూ బాగుచేయవచ్చు. ఏ పనికి అప్పు చేయాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

వరసలో ముందెవరు?

అప్పిచ్చినవాళ్లకు నమ్మకం కలగడానికి ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతా పెడతారు. ఇంటి పన్ను వంటి రాబడి ముందు అందులో పడుతుంది. వడ్డీకీ, అసలుకూ కావలసింది పక్కన పెట్టాకే మిగిలింది కార్పొరేషన్ చేతికొస్తుంది. జీతాలు, చెత్త బండ్ల డీజిలు, వీధి దీపాలు, బస్తీ కాలువల మరమ్మతు అన్నీ ఆ మిగిలిన దాంట్లోంచే.

నగరాన్ని రోజూ ఊడ్చే చేతులెవరివో మనకు తెలుసు. హైదరాబాద్‌లో వాళ్లలో ఎక్కువమంది దళితులు, అందులోనూ ఆడవాళ్లు. చాలామంది ఔట్‌సోర్సింగ్ కిందే పనిచేస్తున్నారు. వాళ్ల జీతానికి ఎస్క్రో ఖాతా లేదు. వడ్డీ ఒక్కరోజు ఆలస్యమైతే నగరం రేటింగ్ పడిపోతుంది, ఆ సంగతి పత్రికల్లో వస్తుంది. సఫాయి కార్మికురాలి జీతం నెల ఆలస్యమైతే ఏ రేటింగూ పడిపోదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రేటింగ్ సంస్థలు నగరం రాబడిలోంచి రోజువారీ ఖర్చు పోగా ఎంత మిగులుతుందో చూస్తాయి. జీతాలు ఆ రోజువారీ ఖర్చులోకే వస్తాయి. కార్మికులను పర్మినెంటు చేస్తే ఆ మిగులు తగ్గుతుంది. పర్మినెంటు డిమాండుకు "డబ్బు లేదు" అనే జవాబు వచ్చినప్పుడు ఈ లెక్కను కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఉపప్రణాళిక లెక్కకు అందని సొమ్ము

పోరాడి సాధించుకున్న ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మారింది. జనాభా నిష్పత్తిలో వాటా ఇవ్వాలన్నది దాని సారం. అయితే ఆ వాటాను లెక్కించేది రాష్ట్ర బడ్జెట్‌లోని ప్రగతి పద్దు మీద. నగరం సొంత పేరుతో మార్కెట్లో తెచ్చుకున్న అప్పు ఆ పద్దులో ఉండదు. అభివృద్ధి ఖర్చు బడ్జెట్ దాటి బాండ్లలోకి జరిగినకొద్దీ మన వాటా లెక్కకు అందకుండా పోతుంది. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించినట్టు కనపడదు, వాటా మాత్రం రాదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1925లో అచ్చయిన తన గ్రంథంలో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించారు. ఖజానా లెక్కలను మన ఉద్యమం తన పనిగా చూడటానికి మనకు ఆ వారసత్వం ఉంది.

ఆంధ్రలోనూ అదే దారి

2018 డిసెంబరులో విశాఖ నగరపాలక సంస్థ 80 కోట్ల బాండ్లు తెచ్చింది. అక్కడ పారిశుద్ధ్య పనిలో రెల్లి కులస్తులు తరతరాలుగా ఉన్నారు. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టాలని షరతు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది చట్టం సవరించి అద్దె విలువ స్థానంలో ఆస్తి మూలధన విలువను తెచ్చింది. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలుగా పన్ను ఖాయం చేశారు, ఒక్కసారిగా పెంచేదానికి 15 శాతం పరిమితి పెట్టారు. కానీ పద్ధతి మారింది. పక్కన రోడ్డు వెడల్పయితే స్థలం విలువ పెరుగుతుంది, దాని వెంట పన్ను పెరుగుతుంది. ఆ ఇంట్లోవాళ్ల కూలి మాత్రం దానివల్ల పెరగదు.

మనం ఏం అడగాలి?

బాండ్లు ఎక్స్ఛేంజీలో నమోదవుతాయి కాబట్టి వాటి పత్రాలు బయటే దొరుకుతాయి. మిగతాది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. సంఘాలు ఒక్కో సర్కిల్ నుంచి ఈ నాలుగు అడిగితే చాలు:

1. మా డివిజన్‌లో వసూలైన ఇంటి పన్ను ఎంత? అందులో బస్తీల మీద పెట్టిన ఖర్చు ఎంత?

2. బాండు డబ్బుతో కట్టిన పనుల్లో ఎస్సీ బస్తీలకు నేరుగా ఉపయోగపడేవి ఏవి?

3. ఎస్క్రో ఖాతాలో గత ఏడాది ఎంత పడింది, అప్పుకు పోగా ఎంత వెనక్కి వచ్చింది?

4. పారిశుద్ధ్య కార్మికుల జీతం, పీఎఫ్ ఏ నెలది ఏ తేదీన పడింది?

జవాబులు చేతికొచ్చాక అడగాల్సింది ఇంకొకటి ఉంది. అప్పిచ్చినవాళ్లకు ఎస్క్రో పెట్టగలిగిన నగరం, ఊడ్చేవాళ్ల జీతానికీ ఎస్క్రో పెట్టగలదు. తర్వాతి బాండు తీర్మానం కౌన్సిల్‌లోకి వచ్చేముందే అందులో ఎస్సీ, ఎస్టీ వాటా రాయాలని అడగాలి. పదేళ్ల గడువు లెక్కన మొదటి విడత అసలు 2028 ఫిబ్రవరికల్లా తీరాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఏ ఖర్చు కోసి తెస్తారో ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.