వార్తల్లో పదం: పవహరా

జపాన్ వార్తల్లో తరచూ కనిపించే ఈ మాటకు అర్థం, పై అధికారి హోదాను అడ్డం పెట్టుకుని కిందివారిని వేధించడం. 'పవర్ హరాస్‌మెంట్'కు పొట్టి రూపమిది. పనిలో తప్పు దిద్దితే పవహరా కాదు. అవసరాన్ని మించి, పనిచేసే వాతావరణాన్ని పాడుచేస్తే అవుతుంది. అందరి ముందు తిట్టడం, మీటింగులకు పిలవకుండా వెలివేయడం, మోయలేని పని నెత్తిన వేయడం, ఏ పనీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం అన్నీ ఇందులోవే. చివరిది బయటికి కనిపించదు, మనిషిని లోలోపల తినేస్తుంది.

దీన్ని అరికట్టే జపాన్ చట్టం 2020 జూన్‌లో పెద్ద కంపెనీలకు, 2022 ఏప్రిల్‌లో చిన్నవాటికి తప్పనిసరైంది. ఫిర్యాదులు వినే ఏర్పాటు యజమాని బాధ్యత. మన దేశంలో 2013 నాటి చట్టం మాత్రం పనిచోట లైంగిక వేధింపులకే పరిమితం. కాబట్టి ఇలాంటి వేధింపు ఎదురైతే ఆధారాలు మీ దగ్గరే ఉండాలి: ఏ రోజు, ఎవరి ముందు, ఏమన్నారో రాసిపెట్టుకోండి, మెయిళ్లు దాచుకోండి.