హార్మోను చికిత్స పొందువారికి దేహవ్యాయామము

ప్రోస్టేటు అనునది పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని యుండు చిన్న గ్రంథి. వయస్సు మీరిన కొలది దీనికి కాన్సరు వచ్చు అవకాశము హెచ్చును. ఢిల్లీ నగరమునకు సంబంధించిన కాన్సరు నమోదు లెక్కలలో, పురుషులకు వచ్చు ముఖ్యమైన కాన్సరులలో ఇది యొకటిగా కనిపించుచున్నది. దీనికి చేయు వైద్యములలో హార్మోను చికిత్స ప్రధానమైనది. అది కాన్సరును అణచును. దానితోపాటు కండను, ఎముకను కూడ క్షీణింపజేయును. ఈ నష్టమును తగ్గించుకొను ఉపాయము చాలవరకు రోగి చేతిలోనే యున్నది. అదియే క్రమము తప్పని వ్యాయామము.

చికిత్స దేహములో చేయు మార్పులు

అమెరికాలోని చికాగో నగరమున ఛార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుడు, వృషణములలో పుట్టు హార్మోను ఈ కాన్సరును పెంచుననియు, దానిని ఆపినచో వ్యాధి తగ్గుననియు 1941లో నిరూపించెను. అందులకై ఆయనకు 1966లో నోబెలు బహుమానము లభించెను. నేడు ఆ హార్మోను పుట్టకుండ నెలకొకసారి గాని, మూడు నెలలకొకసారి గాని సూదిమందు నిచ్చుచున్నారు. కొందరికి వృషణములను శస్త్రచికిత్సచే తొలగింతురు. మార్గమేదైనను, టెస్టోస్టెరోను అను ఆ హార్మోను రక్తములో మిక్కిలి తగ్గిపోవును.

కండకు బలము, ఎముకకు గట్టిదనము ఈ హార్మోను వలననే చాలవరకు నిలుచుచుండును. కావున చికిత్స మొదలైన కొన్ని నెలలలోనే కండ తగ్గి, పొట్టచుట్టు కొవ్వు పెరుగును. ఎముకలు పలుచబడును. ఉన్నట్టుండి ఒంటికి వేడి ఆవిరులు, చెమటలు పట్టును. అలసట, దిగులు కలుగును. మధుమేహము, గుండెజబ్బు వచ్చు అవకాశము కూడ పెరుగును.

అతి విశ్రాంతి వలని హాని

మన యిండ్లలో జబ్బుమనిషిని కదలనీయకుండుట ఆచారము. “మీరు కూర్చోండి నాన్నగారూ, మేము తెస్తాము” అని మంచినీళ్ళ గ్లాసు సైతము చేతికందింతురు. ఇది ప్రేమతో చేయు పనియే. కాని హార్మోను లేక ఇదివరకే కృశించుచున్న కండ, పని కూడ లేనిచో మరింత త్వరగా కృశించును. కాళ్ళలో పట్టు తప్పిన మనిషి ఒకనాడు స్నానాల గదిలో జారిపడును. పలుచబడిన తుంటి ఎముక విరుగును. కాన్సరు లొంగినను మనిషి మంచము పట్టును. ఇట్టి దురవస్థను చాలవరకు నివారింపవచ్చును.

2003లో కెనడాలో, ఈ చికిత్స పొందుచున్నవారు చేరిన 155 మంది పురుషుల పరిశోధన యొకటి ప్రకటింపబడెను. అందు వారానికి మూడుసార్లు చొప్పున 12 వారములు బరువులతో వ్యాయామము చేసినవారికి అలసట తగ్గి, బలము పెరిగెను. 2010లో ఆస్ట్రేలియాలో 57 మందితో ప్రకటించిన పరిశోధనలో, బరువుల వ్యాయామమును, ఊపిరిని పెంచు వ్యాయామమును కలిపి చేసినవారికి కండ కూడ పెరిగెను. హార్మోను లేకున్నను, పని కల్పించినచో కండ మాట వినునని దీనివలన తెలియుచున్నది.

చేయవలసిన వ్యాయామము

రెండు విధముల వ్యాయామము కావలెను. మొదటిది వడిగా నడచుట. నడచుచు మాటలాడగలిగియు, పాట పాడలేనంత వడి యుండవలెను. రోజునకు పది నిమిషములతో మొదలిడి, వారమునకు 150 నిమిషముల వరకు పెంచుకొనవలెను.

రెండవది కండలకు బరువు పని కల్పించుట. చాలమంది నడకతోనే సరిపెట్టుకొందురు. కాని కండను నిలుపుటకు నడక యొక్కటి చాలదు. వారమునకు రెండు మూడు రోజులు, నడుమ ఒక రోజు విడిచి, ఈ క్రిందివి చేయవచ్చును:

1. చేతుల ఊత లేకుండ కుర్చీనుండి లేచి, మెల్లగా కూర్చుండుట.
2. గోడకు ఎదురుగా నిలిచి, అరచేతులతో గోడను నెట్టుచు ముందుకు వంగి లేచుట.
3. వంటింటి గట్టును పట్టుకొని మడమలెత్తి నిలుచుట.
4. లీటరు నీటి సీసాను ఒక్కొక్క చేత పట్టి ఎత్తి దింపుట. నిండిన సీసా ఇంచుమించు ఒక కిలో బరువుండును.

ఒక్కొక్కటి ఎనిమిది మొదలు పన్నెండు మార్లు చేసి, విశ్రమించి, తిరిగి చేయవలెను. సులువుగా తోచినపుడు బరువు పెంచవలెను. కండ పెరుగుటకు పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప వంటి మాంసకృత్తులు గల ఆహారము అవసరము.

ఢిల్లీ ఋతువులు

ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్, ఘజియాబాదు ప్రాంతములలో నివసించువారికి ఆరుబయట నడక ఏడాది పొడవున సాగదు. మే, జూన్ నెలలలో ఎండ 45 డిగ్రీల వరకు పోవుచుండును. అప్పుడు సూర్యోదయ వేళనే నడక ముగింపవలెను. వేడి ఆవిరులు పట్టువారు నీరు ఎక్కువగా త్రాగవలెను. నవంబరు నుండి జనవరి వరకు పొగమంచు, పొగ కలిసి గాలి చెడును. ఆ దినములలో తెల్లవారుజాము నడక తగదు. గాలి నాణ్యత సూచిక 200 దాటిన రోజున బయటికి పోక, ఇంటి నడవలో నడచుట మేలు. కండల వ్యాయామము ఇంటిలోనే జరుగును గనుక ఏ ఋతువునందును మానవలసిన పని లేదు.

జాగ్రత్తలు

వ్యాయామము మొదలిడుటకు ముందు చికిత్స చేయు వైద్యుని తప్పక అడుగవలెను. కాన్సరు ఎముకలకు పాకినవారు, గుండెజబ్బు గలవారు ఫిజియోథెరపీ విభాగమున తమకు తగిన వ్యాయామములను నేర్చుకొనవలెను. ఎముకల గట్టిదనము తెలుపు పరీక్షను గూర్చియు, కాల్షియము, డి విటమిను మాత్రలను గూర్చియు వైద్యునే అడుగవలెను. ఛాతీలో నొప్పి వచ్చినచో, తల తిరిగినచో వెంటనే ఆపి వైద్యసహాయము పొందవలెను. వెన్నులో క్రొత్తగా తీవ్రమైన నొప్పి, కాళ్ళలో తిమ్మిరి లేక నీరసము, మూత్రము బంధించుట కనిపించినచో వెన్నుపాము నొక్కుకొనుచుండవచ్చును. ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

సూదిమందు వేయించుకొను ప్రతిసారి ఒక చిన్న పరీక్ష చేసికొనుట మంచిది. అర నిమిషములో చేతుల ఊత లేకుండ కుర్చీనుండి ఎన్నిమార్లు లేవగలిగిరో లెక్కించి, మందు తేదీ ప్రక్కనే వ్రాసికొనవలెను. ఆ సంఖ్య తగ్గుచున్నచో వైద్యునకు చూపవలెను. నిలిచి యున్నను, పెరిగినను, చేసిన శ్రమ ఫలించుచున్నదని గ్రహింపవచ్చును. కుటుంబీకులు ప్రక్కన నిలిచి లెక్కపెట్టుట, నీళ్ళ గ్లాసు అందించుటకంటె గొప్ప సేవ.