మట్టి గోడే... వెచ్చని దుప్పటి!

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరైందంటే చాలు... మనకది పెద్ద వార్త. ఆదిలాబాద్‌లో ఐదు డిగ్రీలంటే ఊరు ఊరంతా చలిమంటల చుట్టూ చేరిపోతుంది. రగ్గులు బయటికొస్తాయి, మంకీ క్యాపులు తలకెక్కుతాయి. మరి సున్నాకు ఇంకో పదిహేను డిగ్రీలు దిగువకు పడిపోయిన రాత్రి ఎలా ఉంటుంది? బిందెలో నీళ్లు తెల్లారేసరికి బండరాయిలా గడ్డకడితే వంటెలా మొదలవుతుంది? లద్దాఖ్ పల్లెల్లో ఏటా నెలల తరబడి ఇదే బతుకు. అందుకే అక్కడ ఇల్లంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు, ప్రాణం నిలబెట్టే కవచం. ఆ కవచాన్ని దేంతో కట్టుకోవాలన్నదే ఇప్పుడు అక్కడి కుటుంబాల ముందున్న పెద్ద ప్రశ్న. మట్టితోనా... సిమెంటుతోనా?

ఎండ దండిగా... చలి మెండుగా

లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. రుతుపవన మేఘాలను హిమాలయాలు అడ్డుకోవడంతో ఏడాది మొత్తానికి అక్కడ కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. మన దగ్గర ఒక్క ముసురు పట్టినరోజు పడే వాన అది! అందుకే దాన్ని శీతల ఎడారి అంటారు. మబ్బులు తక్కువ కాబట్టి ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాస్తుంది. గాలి పలచన కావడంతో ఆ ఎండ చర్మాన్ని చురుక్కుమనిపిస్తుంది కూడా. కానీ పక్కనే ఉన్న నీడలోకి జరిగితే ఎముకలు కొరికే చలి. సూర్యుడు కొండ చాటుకు వెళ్లాడో లేదో, నేల వేడంతా ఆకాశంలోకి ఆవిరైపోయినట్టే.

అన్ని చోట్లా చలి ఒకేలా ఉండదు. లేహ్ చుట్టుపక్కల మంచు కాస్త తక్కువే. కార్గిల్ వైపున్న ద్రాస్‌లోనూ, జంస్కార్ లోయలోనూ మాత్రం మంచు మోకాళ్లు దాటి కురుస్తుంది. ఇళ్ల పైకప్పులు చదునుగా ఉంటాయి కాబట్టి కురిసిన మంచును ఎప్పటికప్పుడు పారలతో కిందికి తోసేయాలి. బద్ధకించారా... ఆ బరువుకి కప్పు కుంగుతుంది, కరిగిన నీళ్లు ఇంట్లోకి కారతాయి. ఇంటిల్లిపాదికీ పొద్దున్నే పని అదే!

గోడలు రెండడుగులు

రాయలసీమలో పాత మట్టి మిద్దెలు చూసినవాళ్లకు లద్దాఖీ ఇల్లు కొత్తగా అనిపించదు. పునాదికి రాయి. ఆపైన ఎండబెట్టిన మట్టి ఇటుకలతో అడుగున్నర నుంచి రెండడుగుల మందాన గోడలు. పైకప్పుకి పోప్లార్ చెట్ల దూలాలు, వాటిమీద దగ్గరదగ్గరగా పేర్చిన విల్లో కొమ్మలు, ఆపైన గడ్డి, దానిమీద మట్టి. ఇటుకలు కోయడం, గోడలు లేపడం అన్నీ ఎండాకాలంలోనే అయిపోవాలి. చలి ముదిరితే తడిమట్టిలోని నీరు గడ్డకట్టి గోడ నిలవదు.

పాతకాలపు ఇళ్లలో కింది అంతస్తు పశువులది. ఆవులు, మేకలు, జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన 'జో'లు చలికాలమంతా అక్కడే. వాటి ఒంటి వేడి పై అంతస్తును కాస్త వెచ్చబరుస్తుంది. మిద్దెమీద చుట్టూ పశువుల మేత, ఎండుకొమ్మలు, పిడకలు పేర్చిపెడతారు. అవి చలికాలానికి దాచుకున్న సరుకే కాదు... ఇంటికి తలపాగా కూడా. ఈ ఏర్పాటంతా ఏ ఇంజినీరూ గీసిచ్చింది కాదు. తరాల అనుభవం నేర్పింది.

మరుగుదొడ్డి సంగతి మరీ విచిత్రం. దానికి నీళ్లే అక్కర్లేదు! పై అంతస్తులో ఓ చిన్న గది, నేలలో ఓ కంత. వాడిన తర్వాత పొడిమట్టి, బూడిద వేస్తే సరి. కింద పోగుపడింది వసంతంలో ఎరువై పొలానికి చేరుతుంది. పైపుల్లేవు కాబట్టి గడ్డకట్టేదీ లేదు, పగిలేదీ లేదు.

అందరూ వంటింట్లోనే

చలికాలం వచ్చిందంటే ఇన్ని గదులున్న ఇల్లూ ఒక్క గదికి కుదించుకుపోతుంది. ఆ గది వంటిల్లు. అవ్వ, తాత, అమ్మానాన్న, పిల్లలు... తినడం, చదువుకోవడం, ఉన్ని వడకడం, చుట్టాలొస్తే కబుర్లాడటం అంతా అక్కడే. 'జూలే' అంటూ లోపలికొచ్చిన అతిథిని పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టడమే పెద్ద మర్యాద. అవ్వను 'అబీలే' అనీ, తాతను 'మెమెలే' అనీ పిలుస్తారు. చివరనున్న ఆ 'లే' మన 'గారు' లాంటిదన్నమాట. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బడులకు సెలవులే కనుక పిల్లల సందడి కూడా ఆ గదిలోనే.

తిండి ఏర్పాట్లు ఎండాకాలంలోనే మొదలవుతాయి. ఆకుకూరలు, టమాటాలు, ఆప్రికాట్లు కోసి ఎండబెడతారు... మనం వరుగులు పెట్టుకున్నట్టు. బంగాళాదుంప, ముల్లంగి, క్యారట్, టర్నిప్ దుంపలను నేలలో తవ్విన పాతరలో దాస్తారు. లోతున నేల గడ్డకట్టదు కాబట్టి దుంపలు వసంతం దాకా చెడిపోవు. వేయించిన బార్లీ పిండి, ఎండబెట్టిన జున్ను ముక్కలు ఎలాగూ ఉంటాయి. వేయించిన బార్లీ, బఠాణీల పిండితో చేసే 'పాబా' అచ్చం మన సంకటి ముద్దను గుర్తుచేస్తుంది. గోధుమపిండి ముద్దల్ని బొటనవేలితో నొక్కి దుంపలతో కలిపి ఉడికించే 'స్క్యూ', వేడివేడి 'థుక్పా', ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ... చలిలో ఒంటికి సత్తువ ఇవ్వాలంటే ఇవే.

నీళ్లతోనే అసలు తంటా

చలినైనా ఓర్చుకోవచ్చు, నీళ్లతోనే కష్టం. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎంత గట్టి పైపైనా పగలాల్సిందే. అందుకే చాలా ఇళ్లలో చలి మొదలవగానే ట్యాంకులూ పైపులూ ఖాళీ చేసేస్తారు. ఆ తర్వాత చేతిపంపు దగ్గరికో, వాగు దగ్గరికో నడక. వాగు మీద పేరుకున్న మంచుపలకను పగలగొట్టి డబ్బాలు నింపుకుని జారుడు బాటలో ఇంటికి మోసుకురావాలి. ఆ మోత ఎక్కువగా ఆడవాళ్లదే. అంత కష్టపడి తెచ్చిన నీళ్లు కాబట్టి అంట్లు కడగడానికీ, మొహం కడుక్కోవడానికీ చెంబు లెక్కే!

సిమెంటుతో చలీ వచ్చింది

దారులు మెరుగుపడ్డాయి, పర్యటకులు పెరిగారు, చేతిలో నాలుగు డబ్బులాడాయి. దాంతోపాటే సిమెంటు దిమ్మెల ఇళ్లూ వచ్చాయి. మట్టి ఇంటికి ఏటా పూత వేయాలి, మిద్దె మీద మట్టి సర్దాలి. చదువుకున్న పిల్లలు లేహ్‌కో, జమ్మూకో, దిల్లీకో వెళ్లిపోతే ఆ పని చేసేదెవరు? పైగా సిమెంటు ఇల్లంటే ఊళ్లో ఓ గౌరవం.

మరో కారణం భయం. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ పరిసరాల్లో కుంభవృష్టి కురిసింది. బురద వరద పల్లెల మీద విరుచుకుపడి 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎన్నో మట్టి ఇళ్లు కుప్పకూలాయి. ఎప్పుడో తప్ప వాన ఎరగని నేల మీద అలాంటి వాన పడ్డాక 'మట్టిని నమ్ముకోవచ్చా?' అన్న అనుమానం రావడంలో తప్పేముంది!

అయితే సిమెంటు ఇంట్లోకి మారాక తెలిసొచ్చింది ఇంకో సంగతి. పాత గోడ రెండడుగులైతే కొత్త గోడ ఎనిమిది అంగుళాలు. మధ్యాహ్నం వేడి సాయంత్రానికే బయటికి పోతుంది. అందం కోసం ఉత్తరం వైపు పెట్టిన పెద్ద అద్దాల కిటికీలోంచి చలి నేరుగా లోపలికి. దాంతో 'బుఖారీ'కి పని పెరుగుతుంది. బుఖారీ అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి. దానికి కట్టెలో, పిడకలో, కిరోసినో కావాలి. చెట్లు అంతంతమాత్రంగా ఉన్న చోట కట్టెలెక్కడివి? పశువుల్ని వదిలేసిన ఇంటికి పిడకలెక్కడివి? కొనాల్సిందే. ఇల్లు కట్టడానికి ఒకసారి అప్పయితే... వెచ్చబెట్టడానికి ఏటేటా ఖర్చు!

డబ్బు సంగతి అలా ఉంచితే ప్రాణాలకూ ముప్పే. వేడి పోకూడదని తలుపులు, కిటికీ సందులు మూసేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ఊపిరి తీసేస్తుంది. పొగగొట్టం సరిగా లేని పొయ్యి దగ్గర రోజంతా కూర్చునే అవ్వలకూ, పసివాళ్లకూ దగ్గు, ఆయాసం తప్పవు.

సూర్యుడే హీటర్

మరి దారేది? మట్టినీ విజ్ఞానాన్నీ కలపడమే అంటున్నాయి అక్కడి కొత్త తరం ఇళ్లు. 1988లో మొదలైన సెక్మాల్ అనే విద్యాసంస్థ లేహ్‌కు దగ్గర్లోని ఫే గ్రామంలో తన ప్రాంగణాన్ని ఇలాగే కట్టుకుంది. ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. గోడలు మట్టివే. అయినా బయట మైనస్ 15 డిగ్రీల చలి ఉన్నప్పుడు కట్టెపుల్ల కాల్చకుండానే లోపల దాదాపు 15 డిగ్రీలుంటుంది. ఆ ప్రాంగణంలోని ప్రధాన భవనం 2016లో మట్టి కట్టడాలకిచ్చే అంతర్జాతీయ టెర్రా అవార్డును కూడా అందుకుంది.

కిటుకేమిటంటే... దిక్కు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు కిందుగా తిరుగుతాడు. డిసెంబరు చివర్లో లేహ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా నేలకు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే జూన్‌లో అయితే 79 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తిన. కాబట్టి పెద్ద కిటికీలన్నీ దక్షిణానికి పెడితే చలికాలపు ఎండ గది లోపలి గోడ దాకా వస్తుంది. ఎండాకాలంలో చూరు నీడే దాన్ని ఆపేస్తుంది. ఉత్తరం వైపు కిటికీలు పెట్టకపోవడమే మేలు.

రెండో కిటుకు ట్రోంబ్ గోడ. ఫ్రాన్స్ ఇంజినీరు ఫెలిక్స్ ట్రోంబ్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. దక్షిణపు గోడకు బయటివైపు నల్లరంగు వేసి, కాస్త ఎడంగా అద్దం బిగిస్తారు. పగలంతా వేడిని తాగిన గోడ, ఆ వేడిని మెల్లమెల్లగా లోపలికి పంపుతుంది. సూర్యుడు నిద్రపోయాక గోడ మేలుకుంటుందన్నమాట!

ఇక మిగతా గోడలకూ పైకప్పుకూ రంపపు పొట్టు, గడ్డి లాంటివి దట్టిస్తే లోపలి వేడి బయటికి పోదు. కొన్ని ఇళ్లకు దక్షిణపు గోడను ఆనుకుని గ్రీన్‌హౌస్ కూడా ఉంటుంది. దానివల్ల ఇంటికి వెచ్చదనం, జనవరిలోనూ కూరలోకి పచ్చని పాలకూర, కొత్తిమీర! పాత ఇంటికి కూడా ఒక్క గదికి ఈ మార్పులు చేయించుకోవచ్చు. ఇల్లంతా ఒక్క గదిలోనే గడిపే కాలంలో అది చాలదూ!

మట్టికి బలహీనతలు లేవని కాదు. రాతి పునాదిని ఎత్తుగా కట్టాలి. వరద దారిలో అసలు కట్టకూడదు. భూకంపాల ముప్పున్న ప్రాంతం కనుక గోడల మధ్య చెక్క పట్టీలు వేయాలి. వానలు పెరిగిన చోట కప్పుకి రక్షణ ఉండాలి. ఈ జాగ్రత్తలన్నీ తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతుండటమే అసలు చిక్కు. ఇల్లు కట్టాలంటే బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కూలీల మీద ఆధారపడాలి. వాళ్లకు తెలిసిన పని సిమెంటుతోనే.

దారి తెరుచుకున్నాక...

లద్దాఖ్‌కు శ్రీనగర్ నుంచి వెళ్లే రోడ్డు జోజీలా కనుమ మీదుగా సాగుతుంది. మంచు కప్పేసినప్పుడు ఆ దారి మూతపడుతుంది. కనుమ కింద 13 కిలోమీటర్లకు పైగా సాగే సొరంగం పనులను 2020లో దక్కించుకున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థే. ఏడాది పొడవునా దారి తెరిచి ఉంటే మందులు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు అందుతాయి. రోగిని ఆసుపత్రికి చేర్చడమూ తేలికవుతుంది. సిమెంటు, ఇనుము కూడా ఇంకాస్త సులువుగా వస్తాయి. అప్పుడు మట్టి ఇంటిని ఎంచుకోవడానికి మరింత పట్టుదల కావాలి.

ఈ కథ మంచుకొండలది మాత్రమే అనుకోనక్కర్లేదు. మన తాతల నాటి మట్టి మిద్దెలు మండువేసవిలోనూ చల్లగా ఉండేవి. కాంక్రీటు డాబాలొచ్చాక కూలర్లు, ఏసీలు తప్పనిసరయ్యాయి. అక్కడ వేడిని లోపల పట్టి ఉంచే మందపాటి గోడే, ఇక్కడ వేడిని బయట ఆపేది. కొత్త ఇంటి ప్లాను గీయించేటప్పుడు ఎండ ఎటునుంచి వస్తుందో ఒక్కసారి చూసుకుంటే చాలు... నెలనెలా వచ్చే కరెంటు బిల్లు కాస్తయినా దిగొస్తుంది!