ఇంటిపేరు ముందా, వెనుకా?

ఫోరస్ రోడ్, కామాఠీపురా చాళ్లలో తరతరాలుగా ఉంటున్న మన పెద్దలు మరాఠీలో బేరమాడగలరు, పోట్లాడగలరు. మునిసిపాలిటీ ఫారం ముందు పెడితే మాత్రం చేయి ఆగుతుంది. అప్పుడు మరాఠీ బడికి వెళ్లే పదేళ్ల మనుమడే దుబాసీ!

చిక్కంతా పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందు. ఇక్కడివారికి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మన వరుసలోనే చెబితే ఇంటిపేరే పిల్లవాడి పేరై కూర్చుంటుంది. అది బడిలో చేర్చేనాడో, పింఛను కాగితాలు పెట్టేనాడో బయటపడుతుంది. గుమాస్తా పనిలో ఇట్టివి చూస్తూనే ఉన్నాము.

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు విన్నవించుకొనే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉన్నది. హక్కు సరే, తెలుగు అర్జీని చదివేదెవరు? మరాఠీ చక్కగా వచ్చిన మనవారు వారానికొక సాయంత్రం సంఘంలో కూర్చుంటే ఎందరికో మేలు.

జననం నమోదయ్యేనాటికే పిల్లవాడికి పేరు పెట్టి ఉండనక్కరలేదు. తరువాత 12 నెలలలోపు రుసుము లేకుండా, 15 ఏళ్లవరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించవచ్చు. కనుక తొందరపడవద్దు. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడు వరుసలుగా మరాఠీలో చీటీ రాయించుకొని వెళ్లండి. సంతకం పెట్టేముందు, రాసినది పైకి చదివించుకొని వినండి.