దిమ్మెల రిటైనింగ్ గోడ

ఏటవాలు నేలలో ఎగువనున్న మట్టి దిగువకు జారిపోకుండా ఆపేందుకు కట్టే గోడను రిటైనింగ్ గోడ అంటారు. వార్తాపత్రికలలో దీనిని రక్షణ గోడ అని కూడా వ్రాస్తుంటారు. కాంక్రీటు దిమ్మెలను (బ్లాకులను) సిమెంటు మాలు లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చి కట్టే రకము దిమ్మెల రిటైనింగ్ గోడ. అమెరికా, కెనడా దేశాలలో ఇంటి పెరడు వాలుగా ఉన్నప్పుడు, మేస్త్రీ సహాయం లేకుండా ఇంటివారే స్వయంగా కట్టుకునే గోడ సాధారణంగా ఇదే.

విజయవాడలో కృష్ణలంక వద్ద నది ఒడ్డున కట్టిన గోడ వలన "రిటైనింగ్ వాల్" అన్న మాట తెలుగు పాఠకులకు పరిచయమైనది. అయితే ఆ గోడ ముఖ్యోద్దేశ్యం వరద నీటిని ఆపడం. పెరటి గోడ పని దీనికి భిన్నమైనది. అది మట్టిని ఆపాలి, నీటిని మాత్రం ఆపకూడదు. ఈ గోడల నిర్మాణంలోని నియమాలలో అధిక భాగం ఈ ఒక్క అవసరం నుండి పుట్టినవే.

మట్టి ఒత్తిడి

మట్టి గోడను పక్కకు ఎంత బలంగా నెడుతుందో లెక్కించే పద్ధతిని ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ 18వ శతాబ్దంలో ప్రతిపాదించాడు. స్కాట్లండుకు చెందిన రాంకిన్ 1857లో దానికి మరింత సులభమైన రూపమిచ్చాడు. రాంకిన్ సూత్రం ప్రకారం, అంతర ఘర్షణ కోణం 30 డిగ్రీలున్న ఇసుక నేలలో పక్కకు పనిచేసే ఒత్తిడి, పైనుండి క్రిందికి పనిచేసే ఒత్తిడిలో మూడవ వంతు ఉంటుంది. ఘనపు మీటరు మట్టి బరువు 1800 కిలోలనుకుంటే, 1 మీటరు ఎత్తు గోడపై ప్రతి మీటరు పొడవుకు సుమారు 300 కిలోల బలం పడుతుంది.

ఎత్తును 2 మీటర్లకు పెంచితే ఈ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లై 1200 కిలోలవుతుంది. ఆ బలం మరింత ఎత్తున పనిచేస్తుంది కనుక గోడను పడదోసే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. నడుము ఎత్తు గోడను విజయవంతంగా కట్టినవారు అదే విధంగా తలెత్తు గోడ కట్టబోయి విఫలమవడానికి కారణమిదే.

నీటి పాత్ర

పైన చెప్పిన లెక్క నీరు నిలవని మట్టికి వర్తిస్తుంది. గోడ వెనుక నీరు చేరి పైఅంచు వరకు నిలిచిందనుకుంటే, 1 మీటరు ఎత్తు గోడపై నీటి ఒత్తిడే మీటరు పొడవుకు 500 కిలోలు ఉంటుంది. నీటిలో మునిగిన మట్టి తేలికై దాని వంతు సగానికి తగ్గినప్పటికీ, మొత్తం బలం 650 కిలోలకు చేరుతుంది. అనగా వానకు ముందు మోసినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. దీనికి తోడు తడిసిన పునాది నేల మెత్తబడి గోడకు పట్టు తగ్గుతుంది. రిటైనింగ్ గోడలు ఎక్కువగా వానాకాలంలోనే కూలడానికి కారణం ఇదే.

దిమ్మెలు

ప్రత్యేకంగా ఈ పని కోసం తయారయ్యే దిమ్మెలు 1980లలో ఉత్తర అమెరికాలో వ్యాప్తిలోకి వచ్చాయి. చాలా రకాలలో దిమ్మె అడుగున వెనుకవైపు ఒక పెదవి ఉంటుంది. అది క్రింది వరుస దిమ్మెకు వెనుక అంచున తగులుకొని, ప్రతి వరుసను క్రిందిదానికన్నా కొద్దిగా, సుమారు ముప్పాతిక అంగుళం, వెనక్కు జరుపుతుంది. ఆ విధంగా గోడ మట్టివైపు ఒరిగి నిలుస్తుంది. కొన్ని రకాలలో పెదవికి బదులు మేకుల వంటి పిన్నులుంటాయి. 4 అంగుళాల ఎత్తు దిమ్మెను ఒక్కరే ఎత్తగలరు. 8 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు గల దిమ్మె 35 కిలోల వరకు ఉంటుంది కనుక ఇద్దరుండడం మంచిది.

మాలు లేకపోవడం ఈ గోడకు లోపం కాదు. అతుకుల సందులలోనుండి నీరు బయటకు పోతుంది, నేల కొద్దిగా కదిలినా గోడ పగలకుండా సర్దుకుంటుంది.

నిర్మాణము

పని తవ్వకంతో మొదలవుతుంది. అమెరికాలో తవ్వకానికి ముందు 811 నంబరుకు ఫోను చేస్తే భూమిలోని గ్యాసు, విద్యుత్తు, నీటి గొట్టాల జాడలను గుర్తించి వెళ్తారు. ఈ నంబరు 2007లో అమలులోకి వచ్చింది. గోడ వచ్చే దారిలో దారం కట్టి, దిమ్మె మందానికి రెట్టింపు వెడల్పున కందకం త్రవ్వుతారు. అందులో 6 అంగుళాల మందాన క్రషరు కంకర పోసి దిమ్మిసతో గాని, కంపన యంత్రంతో గాని గట్టిపరుస్తారు. గులకరాళ్ళు ఇందుకు పనికిరావు. అవి నున్నగా ఉండి ఒకదానిపై ఒకటి దొర్లుతాయి. పగిలిన అంచులున్న కంకర మాత్రమే బిగుసుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేది, తీసుకోవలసినది మొదటి వరుస. ప్రతి దిమ్మెను పొడవునా, అడ్డంగా లెవెలు చూసి, రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. ఇక్కడ పావు అంగుళం తేడా వచ్చినా పైవరుసలకు పాకి, పదవ వరుసలో కంటికి కనిపించే వంకర అవుతుంది. ఈ వరుసను పూర్తిగా నేలలో పాతిపెట్టాలి. గోడ ఎత్తులో పదవ వంతు, లేదా కనీసం ఒక దిమ్మె మేర నేలలో ఉండాలని సాధారణ నియమం. ముందున్న మట్టి గోడ అడుగు జారకుండా అడ్డుపడుతుంది. వాలు వెంట గోడ పైకి సాగేటప్పుడు కందకాన్ని కూడా వాలుగా తవ్వరాదు, మెట్లు మెట్లుగా తవ్వాలి.

పై వరుసలను అతుకు మీద అతుకు రాకుండా పేర్చుతారు. గోడ అడుగున, వెనుకవైపు, 4 అంగుళాల చిల్లుల గొట్టాన్ని కొద్దిపాటి వాలుతో పరచి దాని కొసను బయటికి తీసుకువస్తారు. కొస మూసుకుపోయిన గొట్టం ఉన్నా లేనట్లే. గొట్టంపైన, గోడ వెనుక 12 అంగుళాల మేర శుభ్రమైన కంకర నింపుతారు. కంకరకూ అసలు మట్టికీ మధ్య వడపోత గుడ్డ వేయకపోతే కొన్ని సంవత్సరాలకు సన్నమట్టి చేరి కంకర సందులు పూడుకుపోతాయి. వెనుక మట్టిని ఒక్కసారిగా పోయక 6 నుండి 8 అంగుళాల పొరలుగా పోసి గట్టిపరుస్తారు. బరువైన యంత్రాన్ని గోడకు 3 అడుగులలోపు తేరాదు. చివరగా పైన ఒక పొర బంకమట్టి వేసి, వాననీరు గోడ వెనుకకు ఇంకక పక్కకు పారేటట్లు చిన్న కాలువ తీస్తారు.

ఎత్తు, అనుమతులు

అమెరికాలో అనేక రాష్ట్రాలు అనుసరించే అంతర్జాతీయ భవన నియమావళి ప్రకారం, 4 అడుగులకు మించని, పైన అదనపు భారం లేని రిటైనింగ్ గోడకు అనుమతి అవసరం లేదు. ఈ 4 అడుగులను నేలపై కనిపించే ఎత్తుగా పొరబడేవారున్నారు. కొలవవలసినది పునాది అడుగు నుండి. గోడపైన కారు నిలిపినా, మట్టి ఇంకా ఎగువకు వాలుగా సాగినా అది అదనపు భారమే. స్థానిక సంస్థలు ఇంకా కఠినమైన పరిమితి పెట్టవచ్చు.

ఎక్కువ ఎత్తు అవసరమైనప్పుడు దిమ్మెల వరుసల మధ్య జియోగ్రిడ్ అనే ప్లాస్టిక్ వలను ఉంచి వెనుక మట్టిలోకి పరుస్తారు. అప్పుడు మట్టే గోడలో భాగమవుతుంది. అటువంటి గోడను ఇంజనీరు లెక్కించాలి. రెండు పొట్టి గోడలను మెట్లుగా కట్టడం మరొక మార్గం. వాటి మధ్య దూరం క్రింది గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు ఉండాలి. లేనిచో పై గోడ బరువు క్రింది గోడపై పడి, రెండూ కలిసి ఒకే ఎత్తైన గోడ వలె ప్రవర్తిస్తాయి.

ప్రహరీ గోడలు

తెలుగు రాష్ట్రాలలో పెరటి రిటైనింగ్ గోడలను సాధారణంగా రాతికట్టుతో గాని, కాంక్రీటుతో గాని కడతారు. వీటిలో నీరు పోయేందుకు వీప్ హోల్స్ అనబడే రంధ్రాలు వదలాలి. కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడలకు భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 14458 మార్గదర్శకాలు కలవు. తరచుగా జరిగే పొరపాటు ఏమనగా, స్థలం పల్లంగా ఉన్నదని ఇటుకలతో లేక బోలు సిమెంటు దిమ్మెలతో కట్టిన ప్రహరీకే ఆనించి లోపల మట్టి నింపడం. ప్రహరీ తన బరువు తాను మోయడానికి కట్టినది. దానికి పక్క ఒత్తిడిని తట్టుకునే మందం ఉండదు, నీరు పోయే దారీ ఉండదు. వెనుక నింపినది నల్లరేగడి అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకనగా అది తడిసినప్పుడు ఉబ్బి గోడను నెడుతుంది.

ముంబైలోని మలాడ్‌లో 2019 జూలై 2న భారీ వర్షాలకు ఒక ప్రహరీ గోడ కూలి, దిగువనున్న గుడిసెలలో సుమారు 30 మంది మరణించారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు, వర్షానికి కొత్తగా కట్టిన గోడ కూలి క్యూలో నిలుచున్న ఏడుగురు భక్తులు మరణించారు.

బలహీనతను గుర్తించుట

గోడ మధ్యభాగం ముందుకు ఉబ్బడం, వెనక్కు ఒరగవలసినది ముందుకు ఒరగడం, ఎగువ నేలపై గోడకు సమాంతరంగా పగులు రావడం ముఖ్యమైన సూచనలు. వాన వెలిసిన తరువాత గొట్టం కొస నుండి నీరు రాకుండా గోడ ముఖమంతా చెమ్మగా ఉంటే లోపల కంకర పూడుకుపోయిందని అనుమానించాలి. దిమ్మెల గోడకు మాలు ఉండదు కనుక, ఇటువంటప్పుడు ఆ భాగాన్ని పైవరుస నుండి విప్పి, కంకర మార్చి, అవే దిమ్మెలతో తిరిగి పేర్చవచ్చు. ఆ పని వానాకాలానికి ముందే పూర్తిచేయాలి. విప్పిన గోడ వెనుక నిట్టనిలువుగా నిలిచిన తడిమట్టి ఏ క్షణంలోనైనా విరిగిపడవచ్చు కనుక దాని క్రింద నిలబడి పనిచేయరాదు.