అరంగుళం గొట్టం లోపలి సంగతి

ఇనుప గొట్టాల గురించి ఆడవాళ్ళ కార్యక్రమంలో ప్రసంగమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మావారూ నవ్వారు. కాని పొద్దున లేవగానే కుళాయి తిప్పేది మనం, గోడ చెమ్మగిల్లితే ముందు కనిపెట్టేదీ మనమే గదా!

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఇల్లు కట్టి ఆరేళ్ళు కాలేదు. పెద్దమ్మాయి పెళ్ళి రెండు నెలలుందనగా స్నానాలగది గోడ పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది. పగలగొట్టించి చూస్తే లోపలి గొట్టం సరిగ్గా అతుకు దగ్గర తుప్పుపట్టి చిల్లిపడి ఉంది. పట్టుచీరలకని దాచిన డబ్బు కాస్తా గోడపాలైంది. "ఇది పలచ రకమమ్మా, మీడియం అని చెప్పి మీకు అంటగట్టారు" అన్నాడు కుళాయిల మేస్త్రి. కొన్న రోజున ఆ గొట్టాలను మేమిద్దరమూ చూశాం. తేడా ఏమీ కనబడలేదు. ఎందుకు కనబడలేదో తెలుసుకుందామనే ఈ సంగతులన్నీ ఆరా తీశాను.

గొట్టమంటే ఇనుప కడ్డీకి బెజ్జం తొలుస్తారని అనుకునేదాన్ని. మన ఇళ్ళకు వచ్చే మామూలు గొట్టం అలా తయారు కాదు. ఉక్కును పలచని రేకుగా సాగదీసి చుట్టలు చుడతారు. దాన్ని కావలసిన వెడల్పు పట్టీలుగా చీరుతారు. అరంగుళం గొట్టానికి సుమారు 60 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ చాలు. ఆ పట్టీ వరసగా ఉన్న రోలర్ల జతల మధ్యనుంచి పోతూ, ఒక్కొక్క జత దగ్గర కాస్త కాస్త వంగి గుండ్రంగా చుట్టుకుంటుంది. అంచులు రెండూ ఎదురుపడే చోట విద్యుత్తుతో వాటిని మాత్రం కరిగేంతగా కాచి, పక్కలనుంచి గట్టిగా నొక్కుతారు. కజ్జికాయ అంచు నొక్కినట్టే! వేరే లోహం పోసి అతకడమంటూ లేదు. పైకి పొంగిన మిగులును చెక్కేస్తారు. గొట్టంలోకి చిటికెన వేలు పోనిచ్చి చూడండి, సన్నని గీతలా తగిలేది ఆ అతుకే.

తరువాత ముక్కలు కోసి, లోపల నీళ్ళు నింపి, చదరపు సెంటీమీటరుకు సుమారు 50 కిలోల ఒత్తిడి పెట్టి చూస్తారు. మన మేడమీది తొట్టి నీళ్ళ ఒత్తిడి ఇందులో ఏ మూలకూ రాదు. ఆ పైన ఆమ్లంలో ముంచి మురికి వదలగొట్టి, 450 డిగ్రీల వేడిలో కరిగించిన తుత్తునాగంలో ముంచుతారు. జి.ఐ. పైపు అనేది దీన్నే. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించినట్టే అనుకోండి, కాకపోతే అక్కడ తగరం, ఇక్కడ తుత్తునాగం. ఇందులో ఒక మంచి గుణముంది. పూత ఎక్కడైనా కొంచెం గీరుకుపోయినా, పక్కనున్న తుత్తునాగం తాను ముందు అరిగిపోతూ ఇనుమును కొంతకాలం కాపాడుతుంది.

అతుకు లేని గొట్టాలూ ఉన్నాయి. ఎర్రగా కాల్చిన నిండు కడ్డీని రెండు ఏటవాలు రోలర్ల మధ్య గిరగిర తిప్పుతూ, మొన ఉన్న ఇనుప ముక్కమీదికి తోసి బోలు చేసే పద్ధతిని 1885లో జర్మనీలో మానెస్మన్ సోదరులు కనిపెట్టారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలను జంతికల పిండి నొక్కినట్టు వేడి లోహాన్ని అచ్చుగుండా నొక్కి, తరువాత చల్లగానే సాగదీసి సన్నం చేస్తారు. ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి ఉండే చోట్లకు ఇవి పోతాయి. వంటింటి కుళాయికి అంత వైభోగం అక్కరలేదు.

ఇక మా గోడ సంగతికొస్తాను. అరంగుళం గొట్టం బయటి కొలత అరంగుళం కాదు, 21.3 మిల్లీమీటర్లు. అరంగుళమనేది లోపలి బోలుకు ఉరమరగా పెట్టిన పేరు. పలచ రకం, మధ్య రకం, మందం రకం మూడింటికీ బయటి కొలత దాదాపు ఒక్కటే. లేకపోతే ఒకే మరలో మూడూ ఎక్కవు గదా. తేడా అంతా గోడ మందంలో ఉంటుంది. పలచ దానికి 2 మిల్లీమీటర్లు, మధ్య రకానికి 2.6, మందం దానికి 3.2. బయట నిలబడి చూసిన మాకు ఏం కనబడుతుంది?

అతుకు దగ్గరే ఎందుకు పోయిందంటారా? అక్కడ మర కోస్తారు. మర లోతు ఒక మిల్లీమీటరు పైనే. పూతా పోతుంది, ఇనుమూ పోతుంది. పలచ గొట్టంలో ఇక మిగిలేది మిల్లీమీటరుకు లోపు. మధ్య రకంలో దాదాపు ఒకటిన్నర మిగులుతుంది. మా ఇంటి పెళ్ళి ఖర్చు తినేసింది ఆ అర మిల్లీమీటరేనన్నమాట!

గుర్తుపట్టడం కష్టమేం కాదు. గొట్టంమీద రంగు పట్టీ ఉంటుంది. పసుపుపచ్చది పలచ రకం, నీలం మధ్య రకం, ఎరుపు మందం రకం. పట్టీ ఉన్న చివర కోసేసిన ముక్కలు ఇస్తే పుచ్చుకోకండి. రంగును కూడా నమ్మలేకపోతే తూకం వేయించండి. అరంగుళం గొట్టం 6 మీటర్ల బారుది, పలచదైతే సుమారు 6 కిలోలు, మధ్య రకమైతే ఏడున్నర కిలోల దాకా తూగుతుంది. బిల్లుమీద రకం పేరు రాయించుకోండి. మేము రాయించుకోలేదు, అందుకే కొట్టువాడితో పోట్లాడటానికి మా చేతిలో కాగితమే లేకపోయింది.

ఇప్పుడు కొత్త ఇళ్ళలో ప్లాస్టిక్ గొట్టాలే ఎక్కువ. అయినా ఊళ్ళలో ఇండియా మార్క్ టూ చేతిపంపు కిందకు దిగేవి చాలాచోట్ల మూడేసి మీటర్ల జి.ఐ. గొట్టాలే, ఒకదానికొకటి మరలతో బిగించినవి. పంపు ఎంత కొట్టినా నీళ్ళు పైకి రాకుండా జారిపోతుంటే, వాషర్లతోబాటు ఆ మరలనూ ఓసారి చూడమని బాగుచేయ వచ్చినవాళ్ళకు చెప్పండి.

మా గోడలో ఈసారి నీలం పట్టీ గొట్టం వేయించాం. అతుకుల బయటికి కనబడే మరలమీద రంగు పూయించేదాకా మేస్త్రిని గోడ పూడ్చనివ్వలేదు. "పెళ్ళి పనులుండగా ఇదేం చాదస్తమే" అన్నారు అత్తగారు. అన్నా సరే, స్టూలు వేసుకుని అక్కడే కూచున్నాను.